కంటికి వేడి కావాలి, బుగ్గకు వేడి పడదు: రొజేషియా కళ్లకు మాస్కులు, వైప్స్, చుక్కల మందుల సమీక్ష

కనురెప్పల కాపడం మాస్కుల మీద ఆన్‌లైన్‌లో వచ్చే రివ్యూలు దాదాపు అన్నీ ఒక్కలాగే ఉంటాయి: హాయిగా ఉంది, నిద్ర పట్టింది, ఐదు స్టార్లు. రోజంతా కంప్యూటర్ చూసి కళ్లు అలిసినవాళ్లకు ఆ మాట చాలు. రొజేషియా ఉన్నవాళ్లకు చాలదు. వాళ్ల రెప్పల్లో గడ్డకట్టిన నూనె కరగాలంటే వేడి తగలాలి. అదే వేడి బుగ్గల మీదా ముక్కు మీదా పడితే ముఖం కందిపోయి చాలాసేపు మండుతుంది. అందుకని ఇక్కడ ప్రతి కాపడాన్నీ రెండు ప్రశ్నలతో తూచాం. రెప్ప అంచుకు చాలినంత వేడి, చాలినంతసేపు అందుతోందా? బుగ్గకు తగలకుండా ఉంటోందా?

ముందు జబ్బు సంగతి కొంచెం. రొజేషియా చర్మపు జబ్బు. నుదురు, ముక్కు, బుగ్గలు, గడ్డం ఎర్రబడతాయి, సన్నని రక్తనాళాలు పైకి తేలతాయి, మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి. మొటిమలేమో అని అనుమానం వస్తే బ్లాక్‌హెడ్స్ ఉన్నాయేమో చూడండి. రొజేషియా పొక్కులతో పాటు అవి రావు. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి కళ్లు కూడా దెబ్బతింటాయి. కొందరికైతే ముఖం కంటే ముందు కళ్లలోనే మొదలవుతుంది. చామనఛాయ, నల్లని ఒంటి మీద ఎరుపు సులువుగా కనపడదు కాబట్టి మనవాళ్లలో ముఖం సంగతి ఎవరూ పట్టించుకోరు. కళ్ల మంటకు ఎలర్జీ అని పేరు పెట్టి ఏళ్లకేళ్లు ఎలర్జీ చుక్కలు పోసుకుంటారు. ఎరుపు కనపడకపోయినా ఎండకు, పొయ్యి సెగకు, పొగలు కక్కే టీకి, కారానికి ముఖం భగ్గుమంటుందా అని అడిగితే గుట్టు బయటపడుతుంది.

కంట్లో జరిగేది ఇది. పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా మైబోమియన్ గ్రంథులుంటాయి. వెంట్రుకల వరసకు కాస్త లోపలి వైపు వాటి నోళ్లు బారుగా తెరుచుకుని ఉంటాయి. రెప్ప ఆర్పినప్పుడల్లా కాస్త నూనె బయటికొచ్చి కన్నీటి మీద పలచని పొరగా పరుచుకుంటుంది. ఆ పొర ఉన్నంతసేపూ కన్నీరు త్వరగా ఆరిపోదు. రొజేషియాలో ఈ నూనె చిక్కబడి టూత్‌పేస్టులా తయారై నోళ్లు పూడుకుపోతాయి. కన్ను ఆరిపోతుంది, ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది. ఆ చికాకుకు కంట్లోంచి నీళ్లు కూడా కారతాయి. ‘నీళ్లు కారుతుంటే పొడి కళ్లంటారేమిటి’ అని డాక్టర్‌ను అనుమానంగా చూసేది ఇక్కడే. పూడుకున్న గ్రంథి ఉబ్బితే కురుపు లేస్తుంది. ఒకటి తగ్గేలోపు ఇంకొకటి. పొద్దున లేచేసరికి పుసులు కట్టి రెప్పలు అతుక్కుపోతాయి. దీన్ని అలా వదిలేస్తే కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, దాని అంచున పుళ్లు పడి, దాని మీదికి రక్తనాళాలు పాకి చూపు దెబ్బతినవచ్చు.

నూనె కరగడానికి రెప్పకు దాదాపు 40 డిగ్రీల వేడి ఐదు నుంచి పది నిమిషాలు ఆగకుండా అందాలి. 45 డిగ్రీలు దాటితే పలచని రెప్ప చర్మం కాలే ప్రమాదముంది. అంటే పని జరిగే వేడికీ కాల్చే వేడికీ మధ్య తేడా ఐదు డిగ్రీలే. వస్తువుల మధ్య అసలు తేడా తెలిసేది ఈ ఇరుకు సందులోనే.

ముందు ఇంట్లో ఉన్నవాటి సంగతి.

తడి రుమాలు. ఖర్చు లేదు, సన్నని పట్టీలా మడిస్తే రెప్పలను మాత్రమే కప్పుతుంది. బుగ్గకు తగలకపోవడంలో దీన్ని మించింది లేదు. అయితే ఒకటి రెండు నిమిషాల్లోనే చల్లారిపోతుంది. ‘రోజూ కాపడం పెడుతున్నాం, ఏం గుణం కనపడలేదు’ అనేవాళ్లలో ఎక్కువమంది ఒకే రుమాలును ఒక్కసారి ముంచి, చల్లారినా అలాగే ఉంచుకుని పడుకుంటారు. ఐదారు చిన్న గుడ్డలను తడిపి, పిండి, ఒకదాని మీద ఒకటి ఉండలా చుట్టి మైక్రోవేవ్‌లో వేడి చేసి, పైనున్న దాన్ని తీసి వాడుతూ రెండు నిమిషాలకొకటి మార్చుకోవాలి. లోపలివి వేడిని పట్టి ఉంచుతాయి. అమెరికాలో రకరకాల కాపడాలను పోల్చి చూసిన పరిశోధకులకు బాగా పనిచేసిందని తేలినది ఈ మూట పద్ధతే. మైక్రోవేవ్ లేకపోతే ఫ్లాస్కులో వేడి నీళ్లు, రెండు రుమాళ్లు చాలు. గీజర్ నీళ్లు అలాగే వాడొద్దు, మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకున్నాకే కంటికి. ఓపిక ఉన్నవాళ్లకు మా మొదటి మాట ఇదే, ఓపిక లేనివాళ్లకు మాత్రం ఇది డబ్బులు మిగిల్చి జబ్బును మిగిల్చే పద్ధతి.

ఉప్పు మూట కాపడం మోకాళ్లకు మంచిదే కావచ్చు, కంటికి వద్దు. పెనం మీద వేగిన ఉప్పు ఎంత వేడిగా ఉందో చేతికి అందదు, గుడ్డ సందుల్లోంచి రవ్వ రాలితే కన్ను మండిపోతుంది. ఉడికించిన గుడ్డు గుండ్రంగా ఉండి రెప్ప మీద ఒకచోటే ఆనుతుంది, జారిపోతుందని గట్టిగా నొక్కుతారు. ఆ నొక్కుడే చెడ్డది. బియ్యం పోసిన సాక్సు వాడేకొద్దీ ఎండిపోయి ఒకచోట చల్లగా, ఇంకోచోట కాల్చేలా తయారవుతుంది.

ఆవిరి పట్టడం ఇంకా దండగ. దుప్పటి కప్పుకుని గిన్నె మీదికి వంగితే రెప్పకు అందేది తక్కువ, ముఖమంతా మాత్రం ఉడికిపోతుంది. అందులో పసుపో బామో వేస్తే సరేసరి. రొజేషియా ఉన్న ముఖానికి ఇంతకంటే చెడ్డ ఉపాయం వెతికినా దొరకదు.

ఇక కొనేవి.

బ్రూడర్ మాస్కు. అమెరికాలో కంటి డాక్టర్లు ఎక్కువగా రాసే బ్రాండ్లలో ఇదొకటి, అక్కడి మనవాళ్ల ఇళ్లలోనూ కనపడుతుంది. లోపలి పూసలు గాలిలోని తేమను పీల్చుకుని ఉంటాయి; మైక్రోవేవ్‌లో 20 నుంచి 25 సెకన్లు పెడితే ఆ తేమ వేడెక్కి బయటికొస్తుంది. తడపనక్కర్లేదు. రెండు కళ్లకూ విడివిడిగా గూళ్లుండటం మాకు బాగా నచ్చింది. ముక్కు దూలం మీద, బుగ్గ ఎముక మీద బరువు తక్కువ పడుతుంది. పది నిమిషాల పాటు వేడిని దాదాపు ఒకే తీరుగా నిలుపుతుంది. చిక్కు మైక్రోవేవ్‌తోనే. 20 సెకన్లనేది ఒక లెక్క మాత్రమే, ఓవెన్ వాటేజీ ఎక్కువైతే అదే 20 సెకన్లలో మాస్కు మండేంత వేడెక్కుతుంది. మొదటిసారి 15 సెకన్లతో మొదలుపెట్టి, బయటికి తీసి బాగా కదిపి, మణికట్టు మీద పెట్టి చూడాలి. లోపల తిరిగే పళ్లెం ఆగిపోయి ఉంటే మాస్కులో ఒక మూల మాత్రమే కాలుతుంది. ఒకసారి వాడాక పూసలు మళ్లీ తేమ పట్టడానికి కొన్ని గంటల వ్యవధి ఇవ్వాలి, వెంటవెంటనే వేడి చేస్తే పొడిబారి వేడి తగ్గిపోతుంది. బుగ్గల సంగతిలో పదికి ఏడు ఇస్తాం. కింది అంచు బుగ్గ మీదికి కొంత దిగుతుంది, అక్కడ పొడి నూలు గుడ్డను మడిచి అడ్డం పెట్టుకుంటే సరిపోతుంది.

కావో కంపెనీ మెగ్‌రిథమ్. జపాన్ తయారీ, ఒక్కసారి వాడి పారేసే మాస్కు. కవర్ చించగానే లోపలి ఇనుపపొడి గాలి తగిలి వేడెక్కుతుంది. దాదాపు 40 డిగ్రీలు, సుమారు 20 నిమిషాలు. కరెంటు అక్కర్లేదు, కాల్చే భయం తక్కువ, హాస్టల్‌లోనో రైల్లోనో ఉన్నా రోజు తప్పదు. వేడి మరీ ఎక్కువ కాకపోవడం రొజేషియా ఉన్నవాళ్లకు మేలే. అయితే సువాసన లేని రకమే కొనండి. లావెండర్ లాంటి పరిమళాలు ఈ చర్మానికి పడకపోవచ్చు. మాస్కు వెడల్పుగా ఉంటుంది, బుగ్గ పైభాగాన్నీ కప్పేస్తుంది. 20 నిమిషాలూ ఉంచకుండా పది నిమిషాలకు తీసేయడం మంచిది. రోజూ రెండుపూటలా వాడితే నెల తిరిగేసరికి ఖర్చు కనపడుతుంది. ప్రయాణాలకు భేష్, రోజువారీకి కాదు.

యూఎస్‌బీ వేడి మాస్కులు. ఈ రకంలో పేరు లేని బ్రాండ్లే ఎక్కువ. చాలావాటిలో 40 నుంచి 60 డిగ్రీల దాకా బటన్లుంటాయి. రెప్పకు 60 డిగ్రీల బటన్ ఎందుకో తయారుచేసినవాళ్లే చెప్పాలి. వేడి పొడిగా ఉంటుంది, పట్టీ కళ్ల నుంచి చెవుల దాకా పరుచుకుంటుంది, చెంపలు కందిపోవడం ఖాయం. ఆటోమేటిక్‌గా ఆగిపోయే టైమరు, 40 దగ్గర నిలిచే సెట్టింగు రెండూ ఉంటేనే ఆలోచించండి. పెట్టుకుని నిద్రపోవద్దు. మెత్తగా నొక్కే, వైబ్రేట్ అయ్యే మసాజ్ కళ్లజోళ్లు పూర్తిగా మానేయండి. వేడెక్కి మెత్తబడిన కార్నియా మీద ఒత్తిడి పడితే చూపు కాసేపు మసకబారుతుంది. కెరటోకోనస్, అంటే కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు, ఉన్నవాళ్లకు అది మరీ ప్రమాదం.

మాస్కు ఏదైనా, తీశాక చేసే పనిలోనే సగం ఫలితముంది. చాలామంది దాన్నే వదిలేస్తారు. చల్లారకముందే శుభ్రమైన వేలితో పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందినుంచి పైకి, అంటే రెండుచోట్లా వెంట్రుకల వైపుకి, మెల్లగా ఐదు నుంచి పది సార్లు నిమరాలి. కనుగుడ్డు మీద నొక్కకూడదు, రెప్ప అంచునే తోయాలి. కంటి మూలల దగ్గర గ్రంథులను మరిచిపోవద్దు. కొద్దిగా నూనె బయటికొచ్చి ఒకట్రెండు నిమిషాలు చూపు మసకగా ఉంటుంది, అంటే పని జరిగిందని. తర్వాత అంచు శుభ్రం చేయాలి, ఆపైన చుక్కలు. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు రోజుకు రెండుసార్లు, కుదుటపడ్డాక ఒకసారి. ముఖం కందడం అరగంటలో తగ్గకపోతే సమయం తగ్గించండి, వేడి తగ్గించొద్దు. 38 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు పెట్టినా గట్టి నూనె కరగకపోవచ్చు.

రెప్ప అంచు శుభ్రానికి మన దగ్గర డాక్టర్లు ఇప్పటికీ ఎక్కువగా చెప్పేది బేబీ షాంపూ. గోరువెచ్చని నీళ్లలో కొన్ని చుక్కలు కలిపి, దూదితోనో ఇయర్‌బడ్‌తోనో వెంట్రుకల మొదళ్లు తుడవడం. చవక, పొట్టును తీస్తుంది కూడా. కాని 2018లో న్యూజిలాండ్ పరిశోధకులు రెప్పల కోసమే తయారైన క్లెన్సర్‌తో దీన్ని నాలుగు వారాలు పోల్చి చూస్తే, కన్నీటిని కంటికి అంటి ఉంచే జిగురు పదార్థం బేబీ షాంపూ వాడిన కళ్లలో తగ్గింది. ముందే ఆరిపోతున్న కంటికి ఇది మంచి బేరం కాదు. కంట్లో పడితే మండదు కదా అని ఊరుకుంటాం గాని, ఆ షాంపూ తయారైంది తలకు.

ఆక్యూసాఫ్ట్ లిడ్ స్క్రబ్ రెండు రకాలుగా వస్తుంది. ఒరిజినల్ రకం తుడిచాక కడుక్కోవాలి, ప్లస్ రకం కడగనక్కర్లేదు. ఈ తేడా చూడకుండా కొని, కడగాల్సినదాన్ని అలాగే వదిలేసి రెప్పలు పగిలాయని తిట్టుకునేవాళ్లున్నారు. రొజేషియాకు ఒరిజినల్, అదీ రోజుకు ఒకసారి చాలు. హైపోక్లోరస్ ఆమ్లం స్ప్రేలు, అంటే 0.01 నుంచి 0.02 శాతం బలం ఉండేవి, ఈ చర్మానికి మరింత మృదువు. మంట పెట్టవు, సబ్బు జిడ్డు ఉండదు. నేరుగా కంట్లోకి కొట్టకుండా దూది మీద కొట్టుకుని తుడవాలి. ఎండ తగిలేచోట ఉంచితే బలం పోతుంది. అన్నిటిలోకీ మాకు నచ్చింది ఇదే.

టీ ట్రీ ఆయిల్ సారం, అంటే టెర్పినెన్-4-ఓల్, ఉన్న వైప్స్ సంగతి వేరు. ఇవి డెమోడెక్స్ అనే సూక్ష్మజీవుల కోసం. రొజేషియా ఉన్నవాళ్ల చర్మంలో, వెంట్రుకల కుదుళ్లలో ఇవి ఎక్కువగా కనపడతాయి. అద్దంలో కిందికి చూస్తూ పై రెప్పను పరీక్షిస్తే ప్రతి వెంట్రుక మొదట్లో గొట్టంలా చుట్టుకున్న తెల్లని పొట్టు కనపడితే ఆ అనుమానం బలమైనదే. అప్పుడే ఈ వైప్స్ వాడాలి. కళ్లు మూసుకునే తుడిచినా మండుతాయి, ఆ మంట రొజేషియాను రేపుతుంది. కిరాణా కొట్టులోనో ఆన్‌లైన్‌లోనో దొరికే టీ ట్రీ నూనెను ఇంట్లో కలుపుకుని రెప్పలకు రాయడం మహా తప్పు. ఘాటుగా ఉంటే కార్నియా పొరను తినేస్తుంది, మైబోమియన్ గ్రంథి కణాలకు కూడా అది విషమేనని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. అమెరికాలో 2023లో ఈ జీవుల కోసమే లోటిలానర్ 0.25 శాతం చుక్కలకు అనుమతి వచ్చింది, రోజుకు రెండుసార్లు ఆరు వారాలు. అక్కడున్నవాళ్లు వైప్స్‌తో కుస్తీ పట్టే ముందు దీని గురించి డాక్టర్‌ను అడగొచ్చు.

చుక్కల మందుల్లో కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం, అంటే రిఫ్రెష్ టియర్స్ లాంటివి, నీటి లోటును తీరుస్తాయి గాని నూనె లోటును కాదు. పోసుకున్న పది నిమిషాలకే మళ్లీ ఎండిపోయిందంటే మందు పనిచేయలేదని కాదు, పైన నూనె పొర లేదని. నూనె బిందువులు కలిసిన సిస్టేన్ కంప్లీట్ లాంటివి ఈ కళ్లకు ఎక్కువసేపు నిలుస్తాయి. రోజుకు నాలుగుసార్ల కంటే ఎక్కువ అవసరమైతే ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపే పదార్థం) లేనివి అడగండి, ముఖ్యంగా సీసా మీద బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉంటే పక్కన పెట్టండి. అదే కంటి పైపొరను దెబ్బతీస్తుంది. సీసా తెరిచిన తేదీని మార్కర్‌తో రాసుకుని నెల దాటితే పారేయాలి.

ఈ సమీక్షలో సున్నా మార్కులు ఎరుపు తగ్గించే చుక్కలకే. నాఫజోలిన్ ఉన్న ఈ చుక్కలు రక్తనాళాలను బిగించి గంటా రెండు గంటలు కన్ను తెల్లగా చూపిస్తాయి. ప్రభావం దిగగానే ఎరుపు రెట్టింపవుతుంది. మళ్లీ పోయాలి, మళ్లీ ఎరుపు. ఇక ఒమేగా-3 మాత్రలు. 2018లో వచ్చిన డ్రీమ్ అధ్యయనంలో 3,000 మిల్లీగ్రాముల చేపనూనె పొడి కళ్లకు ఆలివ్ నూనె మాత్ర కంటే ఎక్కువ పనిచేయలేదు. కొనుక్కునేవాళ్లు కొనుక్కోండి, వాటి మీద ఆశ పెట్టుకుని కాపడం మానొద్దు.

ఆస్పత్రిలో చేసే రెండు సేవల గురించి. లిపిఫ్లో యంత్రం రెప్ప లోపలి వైపు నుంచి వేడి చేస్తూ బయటి నుంచి మెల్లగా పిండుతుంది, మొత్తం 12 నిమిషాలు. బుగ్గకు వేడి తగలదు కాబట్టి మా కొలతలో దీనికే పూర్తి మార్కులు. ఖరీదు మాత్రం గట్టిగానే ఉంటుంది, ఫలితం శాశ్వతమూ కాదు. ఐపీఎల్ అనే కాంతి చికిత్స రొజేషియా రక్తనాళాల మీదా, రెప్పల మీదా రెండింటి మీదా పనిచేస్తుంది. సాధారణంగా కొన్ని వారాల వ్యవధితో నాలుగు సిట్టింగులు. ఇక్కడ మనవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. ఆ కాంతిని చర్మపు రంగు కూడా పీల్చుకుంటుంది, అందుకని ముదురు రంగు చర్మం కాలవచ్చు, మచ్చలు పడవచ్చు. ముందు మీ చర్మం ఏ తరగతిదో చూసి, చెవి ముందు చిన్నచోట పరీక్షించి చేసే చోటికే వెళ్లండి. అడగకుండానే ప్యాకేజీ ధర చెప్పేచోట కాస్త ఆలోచించండి.

వీటికి లొంగకపోతే డాక్టర్లు డాక్సీసైక్లిన్ రాస్తారు, తరచుగా 100 మిల్లీగ్రాములు కొన్ని వారాలు, తర్వాత తగ్గిస్తూ. ఇక్కడ అది క్రిములను చంపడానికంటే ఇన్‌ఫ్లమేషన్ (వాపు, ఎరుపు, మంట) తగ్గించడానికే. నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు, లేకపోతే మాత్ర అన్నవాహికలో నిలిచి పుండు చేస్తుంది. పాలు, కాల్షియం, ఐరన్ మాత్రలతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇవ్వరు.

మొటిమలనుకుని ఐసోట్రెటినాయిన్ వాడుతున్నవాళ్లు కంటి డాక్టర్‌కు ఆ మాట తప్పక చెప్పాలి. అది నూనె గ్రంథులనే ఎండబెడుతుంది, అప్పుడు ఎంత కాపడం పెట్టినా కరగడానికి లోపల నూనె ఉండదు. ముఖానికి రాసే మెట్రోనిడజోల్, ఐవర్‌మెక్టిన్ క్రీములను రెప్పల మీదికి తేవద్దు. కంట్లో నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, వీటిలో ఏది కనిపించినా మాస్కు పక్కన పడేసి, కాంటాక్ట్ లెన్సు ఉంటే తీసేసి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ముఖానికి రాసుకునే ట్యూబులన్నీ వెంట తీసుకెళ్లండి. తెల్లబడటానికని మందుల షాపులో అడిగి కొన్న క్రీములో బెటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడ్ ఉంటే, కళ్ల మంటకు మూలం అదే కావచ్చు. 2018లో ఇలాంటి క్రీములను కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, చీటీ లేనిదే అమ్మకూడదంది. ఇప్పటికీ చీటీ లేకుండా దొరుకుతూనే ఉన్నాయి. స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ముఖం మరింత రేగుతుంది, కాబట్టి ఎలా తగ్గించాలో చర్మ డాక్టర్‌తోనే మాట్లాడుకోవాలి.